సీటీ ‘నార్మల్’ అన్నారు, మరునాడు ఎమ్మారైలో స్ట్రోక్ కనిపించింది: మొదటే ఎమ్మారై తీయించాల్సిందా?

గోస్తనీ తీరవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై నాలుగేళ్లు. మూడు వారాల క్రితం ఒకరోజు ఉదయం ఆరున్నరకు లేచి, పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి, ఏడు గంటలకు వసారాలో కూర్చుని కాఫీ తాగుతుండగా ఆయన కుడి చేతిలోంచి గ్లాసు జారిపోయింది. అమ్మ దాన్ని తీసి మళ్లీ చేతికిస్తే వేళ్లు ముడుచుకోలేదు. ఏమైందని అడిగితే మాట ముద్దగా వచ్చింది, మూతి ఎడమవైపుకు లాగింది. వెంటనే కారు మాట్లాడుకుని, ఎనిమిదిన్నర కల్లా దగ్గరి పట్టణంలోని ఒక ఆసుపత్రికి చేర్చాం.

అక్కడ ఆలస్యం లేకుండానే తలకు సీటీ స్కాన్ తీశారు, పావుగంటలో రిపోర్టు చేతికిచ్చారు. స్కాన్ నార్మల్‌గా ఉందని, మెదడులో ఏమీ లేదని, బీపీ ఎక్కువై ఇలా జరిగి ఉంటుందని, సాయంత్రం దాకా చూద్దామని చెప్పారు. ఆ మాటతో మా గుండె కుదుటపడింది. మధ్యాహ్నం నాన్నగారు చెయ్యి కొంచెం కదిపారు కూడా. సాయంత్రానికి అది పూర్తిగా పడిపోయింది. మరునాడు వేరే ఊళ్లోని స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై తీయిస్తే, ఎడమవైపు మెదడులో చిన్న చిన్న మచ్చలు గుంపుగా ఉన్నాయని, అది స్ట్రోకేనని తేలింది. ఇప్పుడు మాట చాలావరకు తిరిగి వచ్చింది కానీ కుడి చేత్తో అన్నం కలుపుకోలేకపోతున్నారు.

నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటే. మొదటి గంటలోనే ఎమ్మారై తీయించి ఉంటే ఆ చెయ్యి దక్కేదా? మూడేళ్ల క్రితం హైదరాబాదులో మా బావగారికి ఇలాగే అయినప్పుడు మొదట సీటీయే తీశారు, తర్వాత నరంలోకి మందెక్కించి ఇంకో సీటీ తీశారు, ఆపైన తొడ దగ్గరి నుంచి తీగ పంపి మెదడులోని రక్తపు గడ్డను లాగేశారు. ఆయన వారంలో నడిచి ఇంటికి వచ్చారు. ఈ పరీక్షల్లో ఏది దేనికోసం తీస్తారో తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

విశాఖ రేడియాలజిస్టు

గోస్తనీ తీరవాసి గారికి, మీ నాన్నగారికి మాట తిరిగి వచ్చినందుకు సంతోషం. నేను పదకొండేళ్లుగా అత్యవసర విభాగంలో స్కాన్‌లు చదివే పనిలో ఉన్నాను. ఆయన ఫిల్ములు చూడకుండా ఆ ఆసుపత్రి గురించి తీర్పు చెప్పలేను. కానీ మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే మొదట సీటీ తీయడంలో పొరపాటేమీ లేదు. సీటీ నార్మల్‌గా ఉంది కాబట్టి స్ట్రోక్ లేదనుకోవడం దగ్గరే దారి తప్పింది.

స్ట్రోక్ వచ్చినవారిలో సుమారు ప్రతి అయిదుగురిలో నలుగురికి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది, మిగిలినవారికి నాళం చిట్లి రక్తం మెదడులోకి చేరుతుంది. చెయ్యి పడిపోవడం, మాట ముద్దకట్టడం, మూతి వంకరపోవడం రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఎంత అనుభవజ్ఞుడైన వైద్యుడైనా మంచం పక్కన నిలబడి ఇది ఫలానా రకమని ఖాయంగా చెప్పలేరు. చికిత్స మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం: మొదటి రకానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ప్రాణం పోస్తే, రెండో రకంలో అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. కనుక మొదటి సీటీని మేము అడిగే ప్రశ్న ఒక్కటే: లోపల రక్తస్రావం ఉందా, లేదా? ఆ ప్రశ్నకు సీటీ కొన్ని సెకన్లలో జవాబు చెబుతుంది.

అది ఎలా చెబుతుందో తెలిస్తే మీ నాన్నగారి రిపోర్టు ఎందుకలా వచ్చిందో కూడా అర్థమవుతుంది. సీటీ చిత్రంలో ప్రతి చుక్కకూ ఒక సాంద్రత అంకె ఉంటుంది. ఈ యంత్రాన్ని రూపొందించిన ఇంగ్లండు ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటాం. నీటికి 0, గాలికి మైనస్ 1000, మెదడులోని బూడిద పదార్థానికి 35 నుంచి 40, తెల్ల పదార్థానికి 25 నుంచి 30 వరకు ఉంటాయి. నాళం చిట్లి బయటికొచ్చిన తాజా రక్తం గడ్డకట్టే కొద్దీ 60 నుంచి 80 దాకా చేరుతుంది కాబట్టి, నల్లబల్ల మీద సుద్దముక్క గీతలాగా అది తెల్లగా కనిపిస్తుంది. (1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి తల సీటీ తీసేవరకు, ఈ తేడా తెలుసుకోవడానికి వెన్నులో సూది గుచ్చి నీరు తీయడమో, మెడ ధమనిలోకి నేరుగా మందెక్కించి ఎక్స్‌రే తీయడమో తప్ప వైద్యుల చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఈ యంత్రం మీద గౌరవం పెరుగుతుంది.)

నాళం మూసుకుపోయిన స్ట్రోక్ సంగతి అలా కాదు. రక్తం అందక మెదడు కణాలు చనిపోతున్నా, మొదటి గంటల్లో ఆ భాగపు సాంద్రత పెద్దగా మారదు. కణజాలంలో నీరు ఒక శాతం పెరిగితే సాంద్రత సుమారు రెండున్నర యూనిట్లు తగ్గుతుంది, ఆ కాస్త తేడా కంటికి ఆనడానికి గంటలు పడుతుంది. అందువల్ల గంటన్నరలో తీసిన సీటీ నార్మల్‌గా ఉండటం చాలా మామూలు విషయం. నిజానికి అది ఒక శుభవార్త కూడా, ఎందుకంటే రక్తస్రావం లేదనీ, మెదడు ఇంకా పెద్దగా చెడిపోలేదనీ, కాపాడగలిగే భాగం మిగిలే ఉందనీ దాని అర్థం.

జాగ్రత్తగా వెతికితే తొలి గంటల సీటీలోనూ కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. మధ్య మెదడు ధమనిలో (మెదడు పక్కభాగానికి రక్తం చేర్చే పెద్ద నాళంలో) గడ్డ ఉంటే ఆ ధమని చిన్న తెల్లని దారప్పోగులా కనిపించవచ్చు. ఒక రాత్రి నేను చదివిన స్కాన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. యాభై దాటిన ఆవిడ, ఎడమ చెయ్యి పడిపోయింది. మామూలు అమరికలో చూస్తే మెదడు రెండు వైపులా ఒకేలా ఉంది. తెర మీద విండో వెడల్పును (నలుపు నుంచి తెలుపు దాకా ఎన్ని యూనిట్ల సాంద్రతను పరచి చూపాలన్న అమరికను) 80 నుంచి 40కి తగ్గించి, గదిలో దీపం ఆర్పి మళ్లీ చూశాను. ఎడమవైపు ఇన్సులా (మెదడు పక్క మడతలో లోపలికి దాగి ఉండే భాగం) అంచున సన్నని బూడిద పట్టీ గీత గీసినట్టు ఉంది, కుడివైపు ఆ గీత లేదు. అంతే తేడా. చిత్రం అదే, యంత్రం అదే, చూసే తీరు మారింది. ఇలాంటి మార్పులను గుర్తించే పని మనిషి మనిషికీ మారిపోకుండా ఉండటానికే, 2000లో కెనడాలోని కాల్గరీ వైద్యులు యాస్పెక్ట్స్ అనే 10 మార్కుల పద్ధతిని తెచ్చారు. మధ్య మెదడు ధమని పోషించే ప్రాంతాన్ని పది భాగాలు చేసి, చెడిన ప్రతి భాగానికీ ఒక మార్కు తీసేస్తారు. కనుక ‘నార్మల్’ అన్న ఒక్క మాటకంటే, రక్తస్రావం లేదు, యాస్పెక్ట్స్ 10, ధమని తెల్లబారలేదు అని రాసిన రిపోర్టు ఎంతో మేలు.

ఇక ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పరీక్ష ఉంది. ఒక గిన్నెలో ఎండు శనగలు పోసి నీళ్లు పోస్తే, గింజల సందుల్లోంచి నీరు సులువుగా అటూ ఇటూ కదులుతుంది. రాత్రంతా నానిన తర్వాత గింజలు ఉబ్బి సందులు ఇరుకైపోతాయి, మిగిలిన నీటికి కదిలే దారి ఉండదు. రక్తం అందని మెదడు కణాలకు జరిగేదీ అదే. కణంలోని సోడియాన్ని బయటికి తోడే పంపులు ఆగిపోవడంతో నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది, నీటి కదలిక తగ్గిపోతుంది. డిఫ్యూజన్ పరీక్ష కొలిచేది ఆ కదలికనే కాబట్టి, నాళం మూసుకుపోయిన నిమిషాల్లోనే అక్కడ తెల్లని మచ్చ తేలుతుంది. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 356 మందికి రెండు పరీక్షలూ చేశారు. చివరికి స్ట్రోక్ అని తేలిన 217 మందిలో ఎమ్మారై 181 మందిని పట్టుకోగా, సీటీ పట్టుకున్నది 56 మందినే.

ఈ అంకెలు చూస్తే మొదటే ఎమ్మారై ఎందుకు తీయరన్న మీ ఆవేదన మరింత న్యాయంగా తోస్తుంది. కానీ ఆ రోజు ఉదయం తొమ్మిది గంటలకు ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి స్కాన్‌లో స్ట్రోక్ కనిపించాల్సిన అవసరమే లేదు. లక్షణాలు స్ట్రోక్‌వి, రక్తంలో చక్కెర పడిపోలేదు, సీటీలో రక్తస్రావం లేదు, సమయం మించలేదు: ఆ నాలుగూ కుదిరాక, ఇంజెక్షన్‌కు వేరే అడ్డంకులు ఉన్నాయేమో చూసుకుంటే చాలు. దీనిపై నాడీవైద్యులు ఎవరైనా ఇంకా బాగా చెప్పగలరు.

వరంగల్ సీటీ టెక్నీషియన్

డాక్టరు గారు చెప్పిన దానికి యంత్రం పక్కన నిలబడేవాడిగా కొన్ని మాటలు కలుపుతాను. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, తలకు పట్టీ వేసి, మామూలు సీటీ తీసి దించడానికి నాకు అయిదు నిమిషాలు చాలు. రోగి కాస్త కదిలినా ఆ ఒక్క భాగం మళ్లీ తీసుకోవచ్చు. ఎమ్మారైలో కేవలం స్ట్రోక్ కోసం కుదించిన వరుసలు (ఒక్కో అమరికలో తీసే చిత్రాల సెట్లు) తీస్తే పది నిమిషాల లోపే అయిపోతుందన్నది నిజమే, కానీ రోగిని ఆ గదిలోకి తీసుకెళ్లే ముందు పట్టే సమయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఎమ్మారై అయస్కాంతం ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. మాట పడిపోయిన మనిషిని మీ ఒంట్లో లోహం ఏదైనా ఉందా అని అడిగితే జవాబు రాదు. వెంట వచ్చినవారు ఆ కంగారులో ఉండగా మేము ఒక్కొక్కటే వెతకాలి. జడలో పిన్నులు, చెవి కమ్మలు, ముక్కుపుడక, నల్లపూసలు, గాజులు, కాలి మెట్టెలు, మొలతాడుకు కట్టిన వెండి బిళ్ల, జబ్బకు కట్టిన రాగి తాయెత్తు. ఒకసారి ఒక పెద్దాయన మొలతాడుకు బీరువా తాళంచెవి ఉంది, పంచె మడతల కింద ఎవరికీ కనిపించలేదు. గుమ్మం దగ్గర చేత్తో తడిమితే దొరికింది. గుండెకు పేస్‌మేకర్ ఉందేమో, చెవిలో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్ ఉందేమో, వెల్డింగ్ పని చేసిన మనిషి కంట్లో ఇనుప రజను ఉందేమో కూడా తెలుసుకోవాలి. బిగిసిపోయిన మెట్టెలు సబ్బునీళ్లతో తీయడానికే ఒక్కోసారి పది నిమిషాలు పోతాయి.

అందుకే వెంట వచ్చేవారికి నా విన్నపం: దారిలోనే నగలన్నీ తీసి ఒకరి దగ్గర భద్రం చేయండి, పాత ఆపరేషన్ల కాగితాలు తెండి, అన్నిటికంటే ముఖ్యంగా మనిషి చివరిసారి ఏ సమయానికి మామూలుగా ఉన్నారో కాగితం మీద రాసి తెండి. లక్షణాలు కనిపించిన సమయం వేరు, చివరిసారి బాగున్న సమయం వేరు. డాక్టర్లు గడియారం లెక్క మొదలుపెట్టేది రెండోదాని నుంచే.

హైదరాబాద్ నాడీవైద్యుడు

పై ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను. గడ్డ కరిగించే మందు స్ట్రోక్‌కు పని చేస్తుందని నిరూపించిన అమెరికా పరీక్ష (క్లినికల్ ట్రయల్) 1995లో వెలువడింది. అందులో పాల్గొన్న 624 మందినీ మూడు గంటల లోపు, కేవలం మామూలు సీటీతోనే ఎంపిక చేశారు. 2008లో మరో పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది, దానికీ సీటీ సరిపోయింది. అంటే ఈ చికిత్సకు పునాది వేసినదే ‘నార్మల్‌గా కనిపించే సీటీ’. మీ నాన్నగారు చివరిసారి బాగున్నది ఏడు గంటలకు, సీటీ అయ్యేసరికి తొమ్మిది లోపే. గడువు పదకొండున్నర దాకా ఉంది. ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే చెయ్యి తప్పక దక్కేదని ఎవరూ హామీ ఇవ్వలేరు, దానివల్ల మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం కూడా కొద్దిగా ఉంటుంది. అయినా ఆ చర్చ మీతో జరిగి ఉండవలసింది. అక్కడ నాడీవైద్యుడు లేకపోతే ఫోన్‌లో ఒకరిని సంప్రదించి, స్కాన్ చిత్రాలు పంపి అడిగి ఉండవలసింది. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు బాధగానే ఉంది.

మీ బావగారికి తీసిన రెండో సీటీని సీటీ యాంజియో అంటారు. మోచేతి మడత దగ్గరి నరంలోకి నాళాలను చిత్రంలో తెల్లగా చూపించే, అయొడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును వేగంగా ఎక్కిస్తూ, గుండె పైనుండే మహాధమని వంపు నుంచి నడినెత్తి దాకా ఒకే ఊపులో తీస్తారు. అదే బల్ల మీద, రోగిని కదపకుండా, మరికొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మామూలు సీటీ మెదడును చూపిస్తే, యాంజియో నాళాలను చూపిస్తుంది. పెద్ద నాళం మూసుకుపోయిందా, అయితే ఎక్కడ అన్నదే దానికి వేసే ప్రశ్న. పెద్ద గడ్డ ఇంజెక్షన్‌తో కరగడం కష్టం, దాన్ని క్యాథ్‌ల్యాబ్‌లో (ఎక్స్‌రే తెర మీద చూస్తూ నాళాల్లోకి తీగ పంపే గదిలో) తీగతో బయటికి లాగాలి. ఈ పద్ధతి 2015 ముందు వరకు వివాదంలోనే ఉండేది. ఆ ఏడాది మొదట నెదర్లాండ్స్ నుంచి, తర్వాత మరో నాలుగు చోట్ల నుంచి వచ్చిన పరీక్షలు దాన్ని గెలిపించాయి. అంతకుముందు జరిగి విఫలమైన పరీక్షల్లో చాలామందికి నాళం మూసుకుపోయిందో లేదో యాంజియోతో చూసుకోకుండానే చికిత్స చేశారు. పరికరాలు మెరుగుపడటంతో పాటు, సరైన చిత్రంతో సరైన రోగిని ఎంచుకోవడం కూడా ఈ మలుపుకు కారణం. కాంట్రాస్ట్ మందు కిడ్నీలకు పడదేమోనన్న భయంతో, కిడ్నీ పరీక్ష రిపోర్టు రాలేదని అత్యవసర సీటీ యాంజియోను ఆపి ఉంచే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. పెద్ద నాళం మూసుకుందన్న అనుమానం ఉన్నప్పుడు ఆ రిపోర్టు కోసం ఆగకూడదు.

ఇంకొక పరీక్ష సీటీ పర్‌ఫ్యూజన్. కాంట్రాస్ట్ మందు మెదడు గుండా ప్రవహిస్తుండగా సుమారు ఒక నిమిషం పాటు అదే ప్రాంతాన్ని పదే పదే చిత్రించి, ఎక్కడికి రక్తం ఎంత చేరుతోంది, ఎంత ఆలస్యంగా చేరుతోంది అని లెక్కగడతారు. ఆరోగ్యంగా ఉన్న మెదడులో 100 గ్రాములకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. అది 20కి దిగువకు పడితే కణాలు పని మానేస్తాయి కానీ కొంతకాలం బతికే ఉంటాయి. 10కి దిగితే చనిపోతాయి. ఈ నడిమి స్థితిలో, పక్క నాళాల నుంచి వచ్చే కాస్త రక్తంతో ప్రాణం నిలుపుకుని ఉన్న ప్రాంతాన్నే పెనంబ్రా అంటాం. చెరువు కింద పైకాలువ తెగిపోయినా, ఊట నీటితో రెండు రోజులు వాడకుండా నిలిచే మడి లాంటిది అది. నీరు సమయానికి అందితే పచ్చబడుతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక లెక్క వచ్చింది, కానీ అది సగటు మాత్రమే. పక్క నాళాలు బలంగా ఉన్నవారిలో పెనంబ్రా పది పన్నెండు గంటలైనా నిలుస్తుంది, లేనివారిలో రెండు గంటలకే అంతా అయిపోతుంది. ఎవరు ఏ కోవలోకి వస్తారో గడియారం చెప్పలేదు, చిత్రమే చెప్పాలి. 2018లో వచ్చిన రెండు పరీక్షల్లో ఇలాంటి చిత్రాల ఆధారంగా ఎంపిక చేసి, ఒకదానిలో 16 గంటల వరకు, మరొకదానిలో 24 గంటల వరకు కూడా గడ్డను లాగి మంచి ఫలితాలు సాధించారు.

పర్‌ఫ్యూజన్ రంగుపటాన్ని గుడ్డిగా నమ్మకూడదని కూడా చెప్పాలి. రోగి తల కదిలినా, గుండె బలహీనంగా కొట్టుకుంటున్నా, మెడ ధమనిలో పాత ఇరుకు ఉన్నా ఆ పటంలో రంగులు తప్పుగా పడతాయి. మెదడు లోతుల్లోని చిన్న స్ట్రోక్‌లు అందులో తేలకుండా పోతాయి. మన చిన్న పట్టణాల్లో ఈ సాఫ్ట్‌వేర్ లేదని దిగులుపడనక్కర లేదు. 2023లో నెదర్లాండ్స్ వారు ప్రచురించిన పరీక్షలో, మామూలు సీటీ యాంజియోలో పక్క నాళాలు కనిపిస్తున్నాయా లేదా అని చూసి మాత్రమే ఆరు నుంచి 24 గంటల మధ్య వచ్చినవారిని ఎంచుకున్నారు, వారికీ ప్రయోజనం కలిగింది.

స్కాన్‌కు ముందు ఇంట్లో చేసే పనుల గురించి ఒక మాట. గుండెపోటుకు వేసినట్టు యాస్పిరిన్ మింగించడం, నాలుక కింద బీపీ మాత్ర పెట్టడం మన ఊళ్లలో తరచుగా చూస్తున్నాను. చైనాలో అంబులెన్సులోనే బీపీ తగ్గించి చూసిన పరీక్ష 2024లో వెలువడింది. రక్తస్రావం ఉన్నవారికి అది మేలు చేసింది, నాళం మూసుకుపోయినవారికి కీడు చేసింది. రెండు రకాలనూ కలిపి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. సీటీ తీయకుండా ఏ మందు వేసినా చీకట్లో రాయి విసరడమేనని ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

అనంతపురం పాఠకురాలు

పెద్దలందరికీ నమస్కారం. ఈ చర్చ చదువుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ రాత్రి పది గంటలకు బాగానే పడుకున్నారు, ఉదయం అయిదింటికి లేచేసరికి ఎడమ కాలు, చెయ్యి పడిపోయి ఉన్నాయి. ఎప్పుడు వచ్చిందో తెలియదు కాబట్టి ఇంజెక్షన్ ఇవ్వలేమన్నారు. నిద్రలో వచ్చినవారికి ఇక ఏ దారీ లేనట్టేనా? స్కాన్ చూసి అది ఎన్ని గంటల కిందటిదో చెప్పగలరా?

విశాఖ రేడియాలజిస్టు

అమ్మా, చెప్పగలం, కొంతవరకు. ఎమ్మారైకి సీటీ మీద తిరుగులేని పైచేయి ఉన్న సందర్భం ఇదే. డిఫ్యూజన్‌లో మచ్చ నిమిషాల్లో తేలుతుందని పైన రాశాను. ఫ్లెయిర్ అనే మరో వరుసలో అదే మచ్చ తేలడానికి సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది. కనుక డిఫ్యూజన్‌లో తెల్లగా కనిపించే చోటు ఫ్లెయిర్‌లో ఇంకా మామూలుగానే ఉంటే, ఆ స్ట్రోక్ వచ్చి బహుశా నాలుగున్నర గంటలు దాటలేదని అర్థం. అరిటాకు మీద వడ్డించిన అన్నం వేడిని బట్టి ఎప్పుడు వడ్డించారో అంచనా వేసినట్టు, మెదడు తానే సమయం చెబుతుంది. 2018లో ఐరోపాలో జరిగిన వేకప్ అనే పరీక్షలో ఇలా ఎంపిక చేసిన 503 మందిలో, ఇంజెక్షన్ పొందినవారిలో 53.3 శాతం మంది మూడు నెలలకు దాదాపు పూర్వస్థితికి చేరుకోగా, పొందనివారిలో అది 41.8 శాతం. పెద్ద నాళం మూసుకుపోయి ఉంటే, నిద్రలో వచ్చినా సీటీ యాంజియో చూసి గడ్డను లాగే అవకాశం కూడా ఉంది. కాబట్టి సమయం తెలియదనే ఒక్క కారణంతో తలుపు మూసేయకూడదు.

ఎమ్మారైకీ ఒక లోపం ఉందని దాచకుండా చెప్పాలి. మెదడు వెనుక భాగంలో, అంటే చిన్నమెదడు, మెదడు కాండం దగ్గర వచ్చే చిన్న స్ట్రోక్‌లు మొదటి రోజు డిఫ్యూజన్‌లో కనిపించకపోవచ్చు. విపరీతమైన తల తిరుగుడు, వాంతులు, నడకలో తూలు ఉన్న మనిషికి ఎమ్మారై నార్మల్ వచ్చినంత మాత్రాన ఇంటికి పంపేయకూడదు. అలాంటి చోట సీటీ తేల్చేది ఇంకా తక్కువ, ఎందుకంటే పుర్రె అడుగుభాగపు మందపాటి ఎముకల వల్ల ఆ ప్రాంతమంతా చారలు పడి మసకబారుతుంది.

గోస్తనీ తీరవాసి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఎమ్మారై ముందే తీయించలేదని మూడు వారాలుగా నన్ను నేను నిందించుకుంటున్నాను. ఎక్కడ ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది. ఇంకొక్క సందేహం. ఎమ్మారైతో పాటు నాళాల స్కాన్ ఏదీ తీయలేదు. యాస్పిరిన్, కొవ్వు తగ్గించే మాత్ర ఇచ్చి ఇంటికి పంపారు. సమయం ఎటూ గడిచిపోయింది కాబట్టి ఇక ఆ పరీక్షల వల్ల ప్రయోజనం లేదనుకోవచ్చా?

హైదరాబాద్ నాడీవైద్యుడు

అలా అనుకోవద్దు. మీరు మొదట రాసినదాంట్లో రెండు విషయాలు నన్ను ఆలోచింపజేశాయి. ఎమ్మారైలో ఒకే వైపు చిన్న చిన్న మచ్చలు గుంపుగా ఉన్నాయన్నారు, మధ్యాహ్నం చెయ్యి కొంచెం కదిలి సాయంత్రం మళ్లీ పడిపోయిందన్నారు. మెడలోని ఎడమ కెరోటిడ్ ధమని ఇరుకై, అక్కడ గోడకు పేరుకున్న కొవ్వు పూత నుంచి చిన్న ముక్కలు తెగి పైకి పోతున్నప్పుడు ఇలాంటి చిత్రం కనిపిస్తుంది. గుండె లయ తప్పినప్పుడు అక్కడి నుంచి వచ్చే గడ్డలు రెండు వైపులకూ పోవచ్చు, ఒకే వైపుకు కూడా పోవచ్చు. ఏది కారణమో చూడకుండా కేవలం మాత్రలతో సరిపెట్టుకుంటే తర్వాతి స్ట్రోక్‌కు దారి తెరిచి ఉంచినట్టే. ధమని 70 శాతం, ఆపైన ఇరుకైతే ఆపరేషన్‌తో మేలు జరుగుతుందని 1991 నుంచే తెలుసు. మొదటి రెండు వారాల్లో చేస్తే ఆ మేలు ఎక్కువ. మీకు మూడు వారాలు గడిచాయి కాబట్టి ఇక ఒక్కరోజు కూడా వాయిదా వేయవద్దు.

మెడ నాళాల డాప్లర్ (అల్ట్రాసౌండ్‌తో రక్త ప్రవాహం చూసే పరీక్ష) మీ పట్టణంలోనే జరుగుతుంది. అందులో ఇరుకు కనిపిస్తే సీటీ యాంజియోతో ఖాయం చేసుకోవాలి, ఈసారి కిడ్నీ పరీక్ష ముందుగా చేయించుకోవడానికి తీరిక ఉంది. ఈసీజీతో పాటు గుండె లయను 24 గంటలైనా నమోదు చేసే పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు ఎమ్మారై సీడీ, మొదటి రోజు సీటీ సీడీ రెండూ తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. మొదటి సీటీని ఇరుకు విండోలో మళ్లీ చదవమని రేడియాలజిస్టును ప్రత్యేకంగా అడగండి. ఆ రోజు ఎడమ మధ్య ధమని తెల్లగా ఉందో లేదో ఇప్పటికీ ఆ చిత్రంలోనే ఉంటుంది. డాప్లర్ రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి, నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.